మామూలు కాలేజీలో సీఎస్ఈనా.. మంచి కాలేజీలో ఈఈఈనా? బీటెక్ బ్రాంచ్ ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి!

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చేసింది. ఇక అసలు టెన్షన్ వెబ్ ఆప్షన్ల దగ్గరే. ఏ బ్రాంచ్ తీసుకుంటే జాబ్ గ్యారంటీ? పక్కింటి అబ్బాయి సీఎస్ఈ తీసుకున్నాడు కాబట్టి మనమూ అదే తీసుకోవాలా? మంచి కాలేజీలో ఈఈఈ వస్తోంది.. ఊరి చివర కొత్త కాలేజీలో సీఎస్ఈ వస్తోంది.. ఏది నయం? ఏపీ, తెలంగాణల్లో ఏటా లక్షలాది ఇళ్లలో జరిగే చర్చ ఇదే. నాలుగేళ్ల చదువు, లక్షల్లో ఖర్చు, ఆ తర్వాత మొదటి ఉద్యోగం.. అన్నీ ఈ ఒక్క నిర్ణయంతో ముడిపడి ఉంటాయి. అందుకే ఏ బ్రాంచ్‌లో చదివితే ఏ ఉద్యోగాలు దొరుకుతాయి, కాలేజీని ఎలా చూడాలి, ఆప్షన్లు ఎలా పెట్టాలి అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

అందరి చూపూ సీఎస్ఈ వైపే ఎందుకు?

కారణం సింపుల్. ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది అక్కడే. నాస్కామ్ లెక్క ప్రకారం దేశ ఐటీ రంగంలో సుమారు 58 లక్షల మంది పనిచేస్తున్నారు. దీనికి తోడు విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులు, అంటే జీసీసీలు, దేశంలో 1,700 దాటాయి. వీటిలో హైదరాబాద్ వాటా పెద్దదే. క్యాంపస్‌కి వచ్చి ఒకేసారి వందల మందిని తీసుకునేదీ ఐటీ కంపెనీలే.

సీట్లు కూడా అలాగే పెరిగాయి. గతంలో ఒక బ్రాంచ్‌లో ఇన్ని సీట్లకు మించి ఉండకూడదని ఏఐసీటీఈ పరిమితి పెట్టింది. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు ఆ పరిమితి ఎత్తేసింది. దాంతో చాలా కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈ సెక్షన్లు పెంచుకున్నాయి. ఇప్పుడు తెలంగాణ కన్వీనర్ కోటా సీట్లలో సగానికి పైగా సీఎస్ఈ, దాని అనుబంధ బ్రాంచ్‌లవే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఉద్యోగాలు ఎక్కువ నిజమే.. పోటీ పడేవాళ్లూ అంతే ఎక్కువ. పైగా పెద్ద ఐటీ కంపెనీలు ఒకప్పటిలా కళ్లు మూసుకుని తీసుకోవడం లేదు. దేశంలోనే అతి పెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్, తన ఉద్యోగుల్లో దాదాపు 2 శాతం మందిని తగ్గించుకుంటున్నట్లు 2025 జులైలో ప్రకటించింది. అంటే 12 వేల మందికి పైనే. మామూలు కోడింగ్, టెస్టింగ్ లాంటి పనులు ఏఐ టూల్స్ చేసేస్తున్నాయి. ఫ్రెషర్‌కి మొదట్లో ఇచ్చే పనులు ఎక్కువగా ఇలాంటివే. అందుకే సీఎస్ఈ పట్టా ఉంటే చాలు అనే రోజులు పోయాయి. సీఎస్ఈ వద్దని కాదు.. సీఎస్ఈలో చేరి ఊరికే కూర్చుంటే కుదరదు, అంతే.

గాలి ఎటు వీస్తే అటు వెళ్తే..

బ్రాంచ్‌ల గిరాకీ ఎప్పుడూ ఒకేలా లేదు. 2000 ప్రాంతంలో డాట్‌కామ్ బుడగ పేలినప్పుడు కంప్యూటర్ చదువులంటే జనం భయపడ్డారు. ఆ తర్వాత మళ్లీ ఎగబడ్డారు. 2008-09 ఆర్థిక మాంద్యం దెబ్బకి ఐటీ బ్రాంచ్‌లపై మోజు తగ్గి, కొన్నేళ్లపాటు ఈసీఈ, మెకానికల్, సివిల్ సీట్లకు డిమాండ్ వచ్చింది. ఆ ఊపులో సివిల్, మెకానికల్‌లో చేరిన చాలామంది బయటికొచ్చేసరికి ఆ రంగాల్లో నియామకాలు తగ్గి, చివరికి ఐటీ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కారు.

దీంట్లో నేర్చుకోవాల్సింది ఒకటే. ఈ ఏడాది మార్కెట్ చూసి చేరితే, నాలుగేళ్ల తర్వాత మార్కెట్‌లోకి వెళ్తారు. అప్పటికి అది ఎలా ఉంటుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. కాబట్టి ఇప్పుడు హాట్‌గా ఉన్న బ్రాంచ్ ఏది అని కాకుండా, ఏ బ్రాంచ్‌కి ఎన్ని దారులు ఉన్నాయి అని చూడటం తెలివైన పని.

సీఎస్ఈ, ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్.. తేడా ఏంటి?

చాలామంది తల్లిదండ్రులకు ఇదే పెద్ద కన్ఫ్యూజన్. మొదటి రెండేళ్ల సిలబస్ ఈ బ్రాంచ్‌లన్నింటికీ చాలావరకు ఒకటే. మ్యాథ్స్, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అందరూ చదవాల్సిందే. మూడు, నాలుగో ఏడాదిలో వచ్చే సబ్జెక్టులు, ఎలెక్టివ్స్ దగ్గరే తేడా వస్తుంది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు కూడా వీళ్లందరినీ దాదాపు ఒకే గాటన కట్టేస్తాయి.

కాబట్టి పేరులో ఏఐ ఉందని అదనంగా లక్షలు పోయాల్సిన పని లేదు. పేరు కన్నా పాఠం చెప్పేవాళ్లు ముఖ్యం. కొత్తగా పెట్టిన బ్రాంచ్ అయితే దానికి ప్రత్యేకంగా ఫ్యాకల్టీ ఉన్నారా, లేక పాత సీఎస్ఈ సార్లే అన్ని సెక్షన్లకూ తిరుగుతున్నారా అని కాలేజీకి వెళ్లి అడగండి. ఇంకో మాట.. సర్కారీ నోటిఫికేషన్లలో డిగ్రీ పేరు చూస్తారు. కొన్నింట్లో కంప్యూటర్ సైన్స్ అని మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు కొత్త పేర్లున్న డిగ్రీల వాళ్లు సమాన అర్హత ఉందని చూపించుకోవాల్సి రావచ్చు. గవర్నమెంట్ జాబ్ మీద మనసున్నవాళ్లకి మామూలు సీఎస్ఈ సేఫ్.

ఈసీఈ.. రెండు పడవల మీద కాలు, కానీ మునగదు!

ఈసీఈ చదివినవాళ్లు సాఫ్ట్‌వేర్‌కీ వెళ్లొచ్చు, హార్డ్‌వేర్‌కీ వెళ్లొచ్చు. ఐటీ కంపెనీలు ఎక్కువగా ఈ బ్రాంచ్ వాళ్లనూ తీసుకుంటాయి. ఇక చిప్ డిజైన్ సంగతి చూస్తే.. క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, ఎన్విడియా, మైక్రాన్ లాంటి కంపెనీలకు హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. 2021 డిసెంబర్‌లో కేంద్రం 76 వేల కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ కార్యక్రమానికి ఓకే చెప్పింది. దాని కింద గుజరాత్‌తో పాటు ఇతర రాష్ట్రాల్లోనూ ప్లాంట్లు వస్తున్నాయి.

రక్షణ రంగం కూడా ఈసీఈకి కలిసొచ్చేదే. డీఆర్‌డీఓ ల్యాబ్‌లు, బీడీఎల్, ఈసీఐఎల్.. ఇవన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అయితే వీఎల్‌ఎస్‌ఐలో మంచి జాబ్ కావాలంటే బీటెక్ తర్వాత ఎంటెక్ గానీ, గట్టి ప్రాక్టీస్ గానీ ఉండాల్సిందే. సబ్జెక్ట్ కూడా కాస్త కష్టమే. ఫిజిక్స్, మ్యాథ్స్ అంటే భయపడేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఈఈఈ.. తక్కువ అంచనా వేస్తున్న బ్రాంచ్

ఏఐ అంటే సీఎస్ఈ అనుకుంటారు అందరూ. కానీ ఆ ఏఐ నడవాలంటే డేటా సెంటర్లు కావాలి. డేటా సెంటర్ నడవాలంటే కరెంటు కావాలి, ఒక్క క్షణం కూడా పోకూడదు. విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. సబ్‌స్టేషన్లు, పవర్ బ్యాకప్, కూలింగ్.. ఇవన్నీ చూసుకునేది ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్లే.

అంతే కాదు. కర్నూలు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్క్, విశాఖ సమీపంలోని పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ప్రాజెక్ట్.. ఇవన్నీ ఈ బ్రాంచ్‌కి దగ్గర సంబంధం ఉన్నవే. రెండు రాష్ట్రాల ట్రాన్స్‌కో, జెన్‌కో, డిస్కంలలో ఏఈ పోస్టులు పడితే ఎక్కువ భాగం ఎలక్ట్రికల్ వాళ్లకే ఉంటాయి. చాలా ఐటీ కంపెనీలు ఈఈఈ వాళ్లనూ రాతపరీక్షకు అనుమతిస్తాయి. అంటే ఆ తలుపు కూడా మూసుకుపోదు.

మెకానికల్, సివిల్.. పని ఉంది, మొదటి జీతమే తక్కువ

నిజం చెప్పాలంటే ఈ రెండు బ్రాంచ్‌లలో మొదటి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. మొదట్లో జీతం తక్కువ, పని సైట్‌లోనో ప్లాంట్‌లోనో ఉంటుంది. అనుభవం వచ్చాక మాత్రం విలువ పెరుగుతుంది.

మెకానికల్ వాళ్లకి అనంతపురం ప్రాంతంలోని పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారు చేస్తున్న కియా, తిరుపతి జిల్లా శ్రీసిటీలోని కంపెనీలు, హైదరాబాద్ చుట్టూ ఉన్న విమాన విడిభాగాల, రక్షణ రంగ యూనిట్లు ఉన్నాయి. ఎలక్ట్రిక్ వాహనాలు, రోబోటిక్స్, డిజైన్ సాఫ్ట్‌వేర్ తెలిసిన మెకానికల్ ఇంజినీర్‌కి అవకాశాలు బాగుంటాయి.

సివిల్ విషయానికొస్తే, 2025 మే నెలలో అమరావతి పనులు మళ్లీ ప్రారంభమయ్యాయి. పోలవరం, హైవేలు, రైల్వే లైన్లు ఎలాగూ ఉన్నాయి. ఇక సర్కారీ కొలువుల్లో సివిల్‌దే పైచేయి. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 1,540 ఏఈఈ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అలాంటివి వచ్చినప్పుడు సివిల్ వాళ్లకి పండగే. కానీ నోటిఫికేషన్లు ఏటా రావు. ఒక్కోసారి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. దాన్నే నమ్ముకుని ఖాళీగా కూర్చోకుండా, పని చేస్తూ ప్రిపేర్ అయితే మేలు.

అమ్మాయిలకు ఈ బ్రాంచ్‌లు వద్దు అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. డిజైన్, ప్లానింగ్, క్వాలిటీ, గవర్నమెంట్ ఆఫీసుల్లో ఇప్పటికే ఎంతోమంది మహిళా ఇంజినీర్లు పనిచేస్తున్నారు. భూగర్భ గనుల్లో పనిచేయడానికి కూడా 2019లోనే మహిళలకు అనుమతి వచ్చింది. ఇష్టం ఉన్న అమ్మాయిని ఆ మాటతో ఆపేయాల్సిన అవసరం లేదు.

తక్కువ మందికి తెలిసిన బ్రాంచ్‌లు

కెమికల్ ఇంజినీరింగ్‌కి సీట్లు తక్కువ, చదివేవాళ్లూ తక్కువ. కానీ హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా పరిశ్రమ, పరవాడ ఫార్మా సిటీ, విశాఖ రిఫైనరీ లాంటివి వీళ్లకు అవకాశాలే. మైనింగ్ చదివితే సింగరేణి, కోల్ ఇండియా, హైదరాబాద్‌లోనే హెడ్డాఫీసు ఉన్న ఎన్ఎండీసీ ఉన్నాయి. మెటలర్జీ, ఫుడ్ టెక్నాలజీ, అగ్రికల్చర్ ఇంజినీరింగ్ కూడా ఇలాంటివే. వీటిలో ఒక షరతు ఉంది. పేరున్న కాలేజీలో, ముఖ్యంగా యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటొస్తేనే తీసుకోండి. ల్యాబ్‌లు, ఇండస్ట్రీ సంబంధాలు లేనిచోట ఈ బ్రాంచ్‌లు చదివితే ఇబ్బందే.

గవర్నమెంట్ జాబే టార్గెట్ అయితే?

ఇది చాలామంది పట్టించుకోని పాయింట్. యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష నాలుగు విభాగాల్లోనే ఉంటుంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్. కంప్యూటర్ సైన్స్‌కి ప్రత్యేక విభాగమే లేదు. గేట్ స్కోర్‌తో తీసుకునే ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి సంస్థల్లోనూ కోర్ బ్రాంచ్‌లదే పెద్ద వాటా. గేట్ స్కోర్ మూడేళ్లు చెల్లుతుంది.

సీఎస్ఈ వాళ్లకి దారే లేదని కాదు. ఇస్రో, బ్యాంకుల ఐటీ ఆఫీసర్ పోస్టులు లాంటివి ఉన్నాయి. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ కూడా వచ్చింది. ఏ డిగ్రీ ఉన్నా రాయగలిగే గ్రూప్స్, సివిల్స్ ఎలాగూ అందరికీ ఉన్నాయి. కానీ ఇంజినీర్‌గానే గవర్నమెంట్ ఉద్యోగం చేయాలన్నది లక్ష్యమైతే, కోర్ బ్రాంచ్‌కే తలుపులు ఎక్కువ.

మరి కాలేజీనా? బ్రాంచా?

ఇప్పుడు అసలు ప్రశ్న. దీనికి అందరికీ సరిపోయే ఒకే జవాబు లేదు. కానీ ఇలా ఆలోచిస్తే తేలుతుంది.

పిల్లలకు కోడింగ్ అంటే నిజంగా ఇష్టం ఉంది, సొంతంగా నేర్చుకునే అలవాటు ఉంది అనుకుంటే మధ్యస్థంగా ఉన్న కాలేజీలో సీఎస్ఈ తీసుకున్నా నష్టం లేదు. ఇంకా ఏదీ తేల్చుకోలేదు, సాఫ్ట్‌వేర్ అయినా ఓకే, ఇంకేదైనా ఓకే అంటే మంచి కాలేజీలో ఈసీఈ లేదా ఈఈఈ మంచి బేరం. ఎందుకంటే పెద్ద కంపెనీలు ముందు కాలేజీని చూసి క్యాంపస్‌కి వస్తాయి, ఆ తర్వాతే బ్రాంచ్‌లను చూస్తాయి. కంపెనీలే రాని కాలేజీలో ఏ బ్రాంచ్ ఉన్నా ఒకటే.

కచ్చితంగా వద్దనుకోవాల్సింది మాత్రం ఒకటుంది. ఫ్యాకల్టీ లేని, ప్లేస్‌మెంట్లు లేని కాలేజీలో కేవలం సీఎస్ఈ అనే పేరు కోసం చేరడం. అలాగే ఇంట్లోవాళ్ల బలవంతం మీద ఇష్టం లేని బ్రాంచ్‌లో చేరితే బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోతాయి. చాలా కంపెనీలు 60 శాతం మార్కులు ఉండాలని, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదని రూల్ పెడతాయి. అంటే పరీక్ష రాయకముందే అవుట్.

ప్లేస్‌మెంట్ బ్రోచర్ చూసి మోసపోకండి

హైయెస్ట్ ప్యాకేజీ 40 లక్షలు అని బస్సుల మీద కూడా వేస్తారు. అది ఒక్కరికి వచ్చింది. మిగతావాళ్ల సంగతేంటి? ఒక చిన్న లెక్క చూడండి. ఐదుగురిలో నలుగురికి 3.5 లక్షల చొప్పున, ఒకరికి 40 లక్షలు వచ్చాయనుకుందాం. సగటు తీస్తే 10.8 లక్షలు. వినడానికి ఎంత బాగుందో! కానీ వరుసలో మధ్యలో ఉన్న విద్యార్థికి వచ్చింది 3.5 లక్షలే. దీన్నే మీడియన్ అంటారు. మీ పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఈ జీతమే.

ఈ మీడియన్ ఎక్కడ దొరుకుతుంది? ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్ కోసం కాలేజీలు ఇచ్చే వివరాల్లో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి జాబ్ వచ్చింది, మీడియన్ జీతం ఎంత అని ఉంటుంది. కాలేజీ వెబ్‌సైట్‌లో ఎన్ఐఆర్ఎఫ్ అనే చోట ఈ పీడీఎఫ్ వెతకండి. ఇంకో విషయం.. వెయ్యి ఆఫర్లు అంటే వెయ్యి మందికి జాబ్ అని కాదు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వచ్చినా మూడుగానే లెక్కేస్తారు. ఎన్ని ఆఫర్లు అని కాకుండా ఎంతమందికి అని అడగండి.

న్యాక్ గుర్తింపు మొత్తం కాలేజీకి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచ్‌కి వేరుగా ఇస్తారు. కాలేజీకి ఎన్‌బీఏ ఉంది అని చెబితే సరిపోదు. మీరు చేరే బ్రాంచ్‌కి ఉందా, ఇంకా గడువు ఉందా అని చూసుకోండి. చివరిగా ఒక పని చేయండి. అదే కాలేజీలో అదే బ్రాంచ్ చదువుతున్న ఇద్దరు ఫైనలియర్ విద్యార్థులతో మాట్లాడండి. బ్రోచర్ చెప్పనిది వాళ్లు చెబుతారు.

అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీటు కొనాలా?

ప్రైవేట్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మేనేజ్‌మెంట్ సీటుకి రాదు. స్పాట్ అడ్మిషన్లలో చేరినా రాదు. ఈ విషయం తెలియక చేరి, తర్వాత ఇబ్బంది పడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 10 లక్షల లోన్ 10 శాతం వడ్డీకి తీసుకుని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 16,600 రూపాయల ఈఎంఐ పడుతుంది. ఏడాదికి 3.5 లక్షల ప్యాకేజీతో చేరిన ఫ్రెషర్‌కి చేతికొచ్చేది నెలకు సుమారు 25 వేలు. అందులో ఈఎంఐ పోతే మిగిలేది 8,400. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్‌కే అది చాలదు. పొలం అమ్మో, బంగారం తాకట్టు పెట్టో సీటు కొనేముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. కన్వీనర్ కోటాలో వచ్చే వేరే బ్రాంచ్ అంతకన్నా నయమేమో అప్పుడు అర్థమవుతుంది.

వెబ్ ఆప్షన్లలో ఈ తప్పు చేయొద్దు

మనకొచ్చే ర్యాంకుకి ఇదే వస్తుందిలే అని దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టేస్తారు చాలామంది. ఇది పెద్ద పొరపాటు. సిస్టమ్ మీ లిస్టులో పై నుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకి అందే మొదటి సీటు ఇచ్చేసి ఆగిపోతుంది. కాబట్టి బాగా ఇష్టమైనవి, వస్తాయో రావో అనిపించేవి పైన పెట్టండి. అవి రాకపోతే కింది ఆప్షన్‌కి వెళ్తుంది, నష్టమేమీ లేదు. గతేడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచ్ ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మీ కేటగిరీ, జెండర్, లోకల్ ఏరియా ప్రకారం చూసుకోండి. 2025లో తెలంగాణలో మాక్ సీట్ అలాట్‌మెంట్ కూడా ఇచ్చారు. అలాంటి అవకాశం ఉంటే వాడుకుని ఆప్షన్లు సరిచేసుకోవచ్చు.

మరో జాగ్రత్త. తర్వాతి విడతలో కొత్త సీటు వస్తే పాత సీటు ఆటోమేటిక్‌గా పోతుంది. వచ్చిన సీటు కంటే నిజంగా మెరుగైనవే రెండో విడతలో పెట్టండి. ఆప్షన్లు పెట్టే పని నెట్ సెంటర్ వాళ్లకో, కాలేజీ ఏజెంట్లకో వదిలేయొద్దు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

కోరుకున్న బ్రాంచ్ రాలేదా? ఇంకా దారి ఉంది

బీటెక్‌కి మామూలుగా 160 క్రెడిట్లు ఉంటాయి. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే వేరే బ్రాంచ్‌లో మైనర్ డిగ్రీ తీసుకోవచ్చు. అంటే మెకానికల్ చదువుతూ ఏఐలో, ఈఈఈ చదువుతూ కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ చేయొచ్చు. అయితే అన్ని కాలేజీల్లో ఈ అవకాశం లేదు, చేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

ఏ బ్రాంచ్ అయినా మొదటి ఏడాది నుంచే ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్, ఇంగ్లిష్‌లో ధైర్యంగా మాట్లాడటం, మూడో ఏడాదికల్లా ఒక ఇంటర్న్‌షిప్.. ఈ మూడూ ఉండాల్సిందే. అవి లేని సీఎస్ఈ విద్యార్థి కంటే, అవి ఉన్న ఈఈఈ విద్యార్థికే ఇంటర్వ్యూలో అవకాశం ఎక్కువ.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు పిల్లలను ఒక్క మాట అడగండి. నాలుగేళ్లు ఈ సబ్జెక్టులు చదవగలవా అని. సిలబస్ కాపీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. కలిసి కూర్చుని ఒక గంట చూస్తే చాలు.. అవునో కాదో వాళ్లే చెప్పేస్తారు.